భయానికి డూప్

మా గురునాయుడు సినిమాల్లో చేరతానన్నప్పుడు నేను మొదట అడిగిన మాట, "అక్కడ తుపాకులుంటాయేట్రా?" అని. "ఉంటాయి గానీ పేలవమ్మా" అన్నాడు. నాకు పేలని తుపాకీ అంటేనే ఎక్కువ భయం. పేలేదైతే ఎప్పుడు పేలుతుందో పట్టుకున్నవాడికైనా తెలుస్తుంది. పేలదనుకున్నది ఎప్పుడు పేలుతుందో దేవుడికి కూడా తెలియదు.

వాడు పద్నాలుగేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారు అయ్యాడు. మంచుకొండల మీద జరిగిన పోరులో దెబ్బతిన్న ఇద్దరిని, ఒకరి తర్వాత ఒకరిని, వీపున వేసుకుని కాల్పుల మధ్యలోంచి కిందికి మోసుకొచ్చాడు. మొదటివాడు కేరళ అబ్బాయి, బతికాడు, ఇప్పటికీ ఏటేటా అరటికాయ చిప్సు పంపుతాడు. రెండోవాడు జోసఫ్. కిందికి దింపేసరికి ప్రాణం లేదు. ఆ పనికి మా వాడికి పతకం ఇచ్చారు. ఎడమ భుజంలో ఇనపముక్క కూడా ఉంది, అది ఎవరూ ఇవ్వకుండానే వచ్చింది. పతకం మా ట్రంకుపెట్టెలో నా పెళ్లిచీర మడతల్లో ఉంటుంది. ఎవరైనా చూపించమంటే తీసి చూపిస్తాడు గానీ, "ఇందులో సగం జోసఫ్‌ది" అని చెప్పకుండా మళ్లీ లోపల పెట్టడు.

ఆ పద్నాలుగేళ్లూ పోస్టుమాన్ సైకిల్ మా వీధి మలుపు తిరిగితే నేను పెరట్లోకి పోయి కూర్చునేదాన్ని. నేను కనపడకపోతే వార్త వెనక్కి పోతుందని నా నమ్మకం. అందుకని వాడు పటాలం వదిలి, విజయనగరం నుంచి నన్ను కూడా తీసుకుని హైదరాబాదు కృష్ణానగర్‌లో రెండు గదుల ఇంట్లో దిగినప్పుడు, ఇక నా భయాలు తీరిపోతాయనుకున్నాను. తీరలేదు. లైట్లు మీద పడతాయేమో, తాడు తెగుతుందేమో, అట్టగోడలో నిజం మేకు ఉంటుందేమో అని కొత్తవి వచ్చాయి. పాతవి కూడా వెళ్లలేదు.

వాడి ఒడ్డూ పొడుగూ చూసి సినిమావాళ్లు దెబ్బలు తినే వేషాలిచ్చారు. పదకొండు సినిమాల్లో తిన్నాడు. ఒక దాంట్లో పాతికేళ్లయినా నిండని హీరో వాడిని ఒంటి చేత్తో లారీ మీదికి విసిరేశాడు. హాలంతా ఈలలు. నేను లేచి నిలబడి, "బాబూ, ఆ చెయ్యి వదిలెయ్యి, భుజంలో ఇనపముక్క ఉంది" అన్నాను. పక్కావిడ నా కొంగు పట్టుకు లాగి కూర్చోబెట్టింది.

అలాంటివాడికి నలభై ఏళ్లు దాటాక కథానాయకుడి వేషం వచ్చింది. దివాకర్ అని ఒక దర్శకుడు, కాకినాడ వైపు మనిషి, మా ఇంటికి వచ్చి చాప మీద కూర్చుని కథ చెప్పాడు. దానయ్య అని ఒక దర్జీ ఉంటాడు. చూస్తే కొండలా ఉంటాడు. కోడికి భయం, కుక్కర్ విజిల్‌కి భయం, వీధి రౌడీకి భయం. చివర్లో వీధిలో ఒక ఇల్లు అంటుకుంటే, అందరూ చూస్తూ నిలబడిపోతే, ఈ దానయ్యే లోపలికి వెళ్లి ఇద్దరు ముసలివాళ్లను మోసుకొస్తాడు.

"అప్పటికి భయం పోతాదేటి?" అని అడిగాను.

"లేదండీ. వణుకుతానే వెళ్తాడండి. అదేనండి మన సినిమా" అన్నాడు దివాకర్.

మా వాడు, "ఈ వేషం నాను సేస్తాను సార్" అన్నాడు. వాడు దేన్నయినా ఇది నాకు కావాలి అనడం నేను అంతకుముందు వినలేదు. ఆకలేస్తే కూడా వంట అయిందా అని అడిగే రకం.

ఆ రోజు నుంచి రెండు వారాలు నన్నే చూస్తూ కూర్చున్నాడు. కుక్కర్ కూతవేసే ముందు నేను గరిటె ఎలా పట్టుకుంటానో, తలుపు గడియ మూడోసారి చూసుకునేటప్పుడు ఎన్ని వేళ్లతో తడుముతానో, అంబులెన్సు వెళ్తే వంటగదిలో ఎటు తిరుగుతానో, అన్నీ చూశాడు.

"ఏట్రా అలగ సూత్తావు, నాకేటైనా జబ్బు కనిపించిందా?" అంటే,

"కాదమ్మా. నీకాడ నేర్సుకుంతన్నాను" అన్నాడు.

షూటింగు మొదలయ్యే ముందు రోజు ఉత్తరం వచ్చింది. గోధుమరంగు కవరు. నేను అలవాటు ప్రకారం పెరట్లోకి పోబోయాను. కృష్ణానగర్‌లో పెరడు లేదు కాబట్టి అక్కడే నిలబడ్డాను.

తర్వాత తెలిసిన సంగతి ఏమంటే, ఒక పెద్దమనిషి ఏదో సినిమాలో మా వాడు చెంపదెబ్బ తినడం చూశాడు. చూసి ఒక సభలో, ఆ దెబ్బ చెంప మీద పడినట్టా పతకం మీద పడినట్టా అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. జవాబు చెప్పలేని ప్రశ్న వస్తే మండలి వేస్తారట. శౌర్య ప్రతిష్ఠా పరిరక్షణ మండలి అని వేశారు. దానికి ముందు బోర్డు వచ్చింది, తర్వాత కుర్చీలు వచ్చాయి, కుర్చీల్లోకి మనుషులు వచ్చాక రూలు వచ్చింది. ఉత్తరంలో ఆ రూలు ఉంది:

"విషయము: పతక గ్రహీతలు తెరపై ప్రదర్శించు భావముల నియంత్రణ గురించి. పతక గ్రహీత యగు ఏ వ్యక్తియు చలనచిత్రములందు భయపడరాదు, దెబ్బ తినరాదు, తల వంచరాదు, వెన్ను చూపరాదు. ఇది పాత్రకు గాక శరీరమునకు వర్తించును. అతిక్రమించినచో పతకము వాపసు తీసుకొనబడును. పరిశీలనకై అధికారి ఒకరు చిత్రీకరణ స్థలమున ఆసీనులై యుందురు."

దానయ్య వేషం పోయినట్టే. దెబ్బ తినరాదు అంటే పాత వేషాలు కూడా పోయినట్టే. నేను ఉత్తరం మడిచి, దాని మీద చిటికెడు పసుపు వేసి, దేవుడి పటం వెనక పెట్టాను. అక్కడ పెట్టినవి కొన్నిసార్లు పనిచేస్తాయి.

మర్నాడు ఆ అధికారి నిజంగానే వచ్చారు. పేరు పరాంకుశంగారు. సన్నగా, పొడుగ్గా, సఫారీ బట్టల్లో ఉన్నారు. జేబులో మూడు రంగుల పెన్నులు. కెమెరా పక్కనే కుర్చీ వేయించుకుని, ఒడిలో ఫైలు తెరిచారు. నేను మా వాడికి కారేజీ పట్టుకెళ్లాను కాబట్టి అన్నీ నా కళ్లతో చూశాను.

మొదటి సీను కోడిది. దుకాణంలోకి కోడి వస్తుంది, దానయ్య హడలిపోయి మిషన్ బల్ల మీదికి ఎక్కేస్తాడు. మా వాడు ఎక్కబోతుంటే పరాంకుశంగారు ఎర్రపెన్ను ఎత్తారు.

"పతక గ్రహీత కోడిని చూచి ఆసనమెక్కుట సమ్మతము కాదు."

"అది సీనండీ బాబూ. నవ్వుకోడానికండి" అన్నాడు దివాకర్.

"కథకు భయము అవసరమే యైనచో, దానిని కోడికి కేటాయించవచ్చును."

అందుకని కోడే భయపడాలని నిర్ణయం జరిగింది. మా వాడు ఊరికే నిలబడాలి, కోడి వాడిని చూసి పారిపోవాలి. కోడి పారిపోలేదు. సుద్దముక్క పొడుచుకు తింది. కుట్టిన జాకెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల దాకా ఎనిమిదిసార్లు తీశారు. పరాంకుశంగారు ఫైల్లో "కోడి సహకరించలేదు" అని నీలం పెన్నుతో రాసుకున్నారు. నాకు మాత్రం ఒకటే ఆశ్చర్యం. మా వాడు ఆ కోడి ముందు అంతసేపు కదలకుండా నిలబడ్డాడు. నాలుగేళ్లప్పుడు పుంజు తరిమిన దగ్గర్నుంచి వాడికి కోడంటే చచ్చే భయం. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు గనక ఎవరికీ కనపడలేదు.

రెండో రోజు కుట్టుపని సీను. తల వంచరాదు అన్నారు. తల వంచకుండా దర్జీ ఎలా కుడతాడని అడిగితే, "కుట్టుమిషనును ఎత్తించుడు" అన్నారు. నాలుగు సిమెంటు ఇటుకల వరసలు పేర్చి మిషన్ని మా వాడి గుండెల దాకా ఎత్తారు. తొక్కడానికి కాళ్లు అందలేదు. కింద ఒక మనిషిని పడుకోబెట్టి చేతులతో తొక్కించారు. పంట్లాం కొలత తీసుకోవాలంటే మోకాలి మీద కూర్చోవాలి కదా, అది కూడా కుదరదు. వచ్చిన కస్టమర్లందరినీ స్టూళ్లు ఎక్కించారు. ఒకాయన స్టూలు మీదినుంచి, "కిందికి దిగాక పంట్లాం పొట్టవదా?" అని నిజంగానే అడిగాడు. అది సినిమా మాటో ఆయన సొంత మాటో తెలియక అలాగే ఉంచేశారు.

మూడో రోజు రౌడీ తరిమే సీను. దానయ్య పారిపోవాలి. వెన్ను చూపరాదు. దివాకర్ కుర్చీలో కూలబడి, "మరెలా పారిపోవాలండి?" అన్నాడు.

పరాంకుశంగారు ఫైలు వెతికి చెప్పారు. "పారిపోవుటను గూర్చి నిషేధము లేదు. నిషేధము వెన్నును గూర్చియే. శత్రువుకు అభిముఖముగా ఉండి పారిపోవచ్చును."

మా వాడు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెనక్కి పరిగెత్తాడు. కూరగాయల బండి, నీళ్ల డ్రమ్ము, రెండు మలుపులు. ఒక్కదానికి తగల్లేదు. సైన్యంలో ఏమేం నేర్పుతారో నాకు తెలియదు గానీ, ఇది కూడా నేర్పినట్టుంది. ముందుకి పరిగెత్తిన రౌడీ మాత్రం కాలవలో పడ్డాడు. నేను ఆంజనేయస్వామికి మొక్కిన మొక్కుల్లో ఒకటి రౌడీకి కూడా చెందుంటే అదీ జరిగేది కాదు.

సాయంత్రం దివాకర్ ఫైలు ముందు నిలబడి అన్నాడు, "అయ్యా, ఇప్పుడు నా సినిమాలో ఏముందండి? నిలబడి కుట్టే దర్జీ, స్టూలెక్కిన జనం, వెనక్కి పరిగెత్తే హీరో, ఓ కోడి."

"కోడి దృశ్యము బాగుగ వచ్చినది" అన్నారు పరాంకుశంగారు. "ఇక అగ్నిప్రమాద దృశ్యము. పతక గ్రహీత వణకకుండ పోవలెను."

"వణక్కపోతే సినిమాయే లేదండి" అన్నాడు దివాకర్. నిర్మాత కూడా శనివారం లోపు ఇది తేలకపోతే సినిమా ఆపేస్తానని కబురు చేశాడు. ఆ రోజు బుధవారం.

ఇంటికొచ్చాక గురునాయుడు ట్రంకుపెట్టె తీశాడు. పెళ్లిచీర మడత విప్పి పతకం అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇచ్చేత్తానమ్మా" అన్నాడు.

"సగం జోసఫ్‌ది కదేట్రా. ఆడి సగం నువ్వెలగిత్తావు?"

పతకాన్ని మళ్లీ చీరలో చుట్టేశాడు. "అయితే సినిమా ఒగ్గేత్తాను. అపార్టుమెంటు కాడ గార్డు పనుంది."

"అక్కడ బయపడొచ్చా?"

"అక్కడెవరూ సూడరమ్మా" అన్నాడు.

నేను అయిదో తరగతి చదివాను. ఆఫీసు అంటేనే నాకు భయం. అయినా గురువారం పొద్దున్నే, మా వాడికి చెప్పకుండా, ఒక పాత ఇన్లాండు ఉత్తరం జాకెట్టులో పెట్టుకుని, దివాకర్‌ని తోడు తీసుకుని మండలి ఆఫీసుకి వెళ్లాను. లిఫ్టు ఉంది. లిఫ్టు ఆగిపోతుందేమో అని మెట్లెక్కాను. మెట్లు కూలతాయేమో అని గోడ పక్కన ఎక్కాను.

లోపల పెద్ద బల్ల. అధ్యక్షులవారు మధ్యలో, ఇద్దరు సభ్యులు అటూ ఇటూ, చివర పరాంకుశంగారు. అధ్యక్షులవారు ఒకప్పుడు కాలేజీలో వ్యాకరణం చెప్పేవారట. ముఖం శాంతంగా ఉంది.

"అమ్మా, వీరమాతవు నీవు" అన్నారు. "నీ కుమారుడు ఎన్నడైనను భయపడియుండెనా? లేదని చెప్పుము. రాసుకొనెదము."

లేదని చెప్తే సరిపోయేది. పెద్దవాళ్ల ముందు అబద్ధం చెప్తే కళ్లు పోతాయని మా అమ్మ చెప్పేది. నాకు ఇప్పటికే చూపు సరిగా ఆనదు.

"బయపడతాడు బాబూ" అన్నాను. "కోడికి బయపడతాడు. ఇంజక్షనుకి బయపడతాడు. కొండ మీద కూడా బయపడ్డాడు. రాశాడు నాకు." జాకెట్టులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను.

అధ్యక్షులవారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. పైకే చదివారు. "అమ్మా, నిన్న రెండుసార్లు పైకి వెళ్లి వచ్చాను. రెండుసార్లూ చేతులు వణికాయి. రెండోసారి ఎక్కువ వణికాయి, ఎందుకంటే ఈసారి దారి తెలుసు. నువ్వు భయపడకు. వేళకి తింటున్నాను."

చదివి అద్దాలు తీసేశారు.

"ఇది అధికారిక పత్రమా?"

"కాదు బాబూ. ఇన్లాండు ఉత్తరం."

"అయినచో మేము దీనిని చదవలేదు." ఉత్తరాన్ని ఒక వేలితో నా వైపు నెట్టారు.

ఎడమవైపు సభ్యుడు పరాంకుశంగారి చెవిలో చెప్పినా మాకు వినపడింది. పతకం తెచ్చిపెట్టిన ఆ రోజే, ఆ కొండ మీదే భయపడి ఉంటే, మన రూలు ప్రకారం పతకం ఇవ్వకముందే వాపసు తీసుకుని ఉండాల్సింది, ఆ ఫైలు మన పైవాళ్లకి, వాళ్ల పైవాళ్లకి పోతుంది అన్నాడు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతవరకు నా జీవితంలో ఆఫీసు వాళ్లకి నేను భయపడ్డాను గానీ, ఆఫీసు వాళ్లు భయపడగా చూడలేదు. పాపం, వాళ్లు కూడా మనలాగే భయపడతారు.

అప్పుడు టీలు పట్టుకొచ్చింది సుగుణమ్మ. ఆ ఆఫీసులో అటెండరు. కప్పులు పెడుతూ, ఎవరూ అడక్కపోయినా చెప్పింది.

"సినిమాల హీరో బిల్డింగు మీదికెల్లి దుంకుతడు గద సార్. ఆయన దుంకుతడా ఏంది? డూపు దుంకుతడు. గట్లనే భయపడెటందుకు గూడ వేరేటోన్ని పెట్టుకోమనుండ్రి. లొల్లి ఉండదు."

పరాంకుశంగారు ఆకుపచ్చ పెన్ను తీశారు. అది అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. "ప్రమాదకర దృశ్యములందు ప్రత్యామ్నాయ శరీరమును వినియోగించు ఆనవాయితీ చిత్రసీమయందు కలదు. శౌర్య ప్రతిష్ఠకు భయమును మించిన ప్రమాదము లేదు. కావున భయ దృశ్యములందు డూపును వాడవలెను. దూకుడు, మంటలు, ఎత్తు మొదలగు ప్రమాదములందు పతక గ్రహీతయే స్వయముగ పాల్గొనవలెను. సదరు డూపునకు స్వభావసిద్ధ భీరుత్వ ధ్రువపత్రము తప్పనిసరి."

అంటే పై నుంచి దూకడానికి మా వాడు, వణకడానికి ఇంకొకడు. లోకంలో డూపులు పుట్టిన తర్వాత ఇలాంటిది ఇదే మొదటిసారి అని దివాకర్ అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

శుక్రవారం మండలి వరండాలో పరీక్ష పెట్టారు. డూపు పనికి ఎప్పుడూ వచ్చే ఫైటర్లే పదకొండు మంది వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, వెనక నుంచి గాలి నింపిన కాగితం సంచి పేల్చాలి. ఉలిక్కిపడితే ధ్రువపత్రం. ఏ ఒక్కడూ ఉలిక్కిపడలేదు. రోజూ అద్దాల్లోంచి దూకే మనుషులు వాళ్లు. ఒకతను సంచి పేలినా ఆవలించాడు. ఇంకొకతన్ని "మీరు దేనికి భయపడుదురు?" అని ఫారం ప్రకారం అడిగితే, "ఇలా అడిగినోడికి సార్" అన్నాడు. మొత్తం పదకొండు మందీ ధైర్యవంతులని తేలిపోయి, అనర్హులయ్యారు.

నేను మా వాడికి, దివాకర్‌కి కారేజీ తీసుకుని అప్పుడే వరండా మెట్లెక్కుతున్నాను. మిగిలిపోయిన పన్నెండో సంచిని ఎవరో ఊరికే పేల్చారు. నేను ఉన్నచోటే కూలబడ్డాను. కారేజీ దొర్లింది, సాంబారు బెంచీల కింద పారింది. "బాబూ, ఎవరికేటయింది?" అని అడిగానట. నాకు గుర్తులేదు.

పరాంకుశంగారు కుర్చీలోంచి లేచారు. ఆయన ఎవరి కోసమైనా లేవడం అదే మొదలు.

"ఈమె మీ తల్లియే కదా?"

"మా యమ్మేనండి" అన్నాడు గురునాయుడు, నన్ను లేవదీస్తూ.

ఫారం నింపారు. మీరు దేనికి భయపడుదురు అన్న గడి నేను చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికే నిండిపోయింది. నాలుగు కాగితాలు అదనంగా జతచేశారు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. వానకి భయం. ఎండకి భయం. పాలు విరిగితే భయం. అందరూ నవ్వుతుంటే తర్వాత ఏడవాల్సి వస్తుందని భయం. అయిదో కాగితం దగ్గర పరాంకుశంగారు అలిసిపోయారు.

"దేనికి భయపడరో అది చెప్పుడు. త్వరగా అగును."

చాలాసేపు ఆలోచించాను. "కోళ్లకి" అన్నాను.

గుండ్రటి ముద్ర వేసి, ఫొటో అంటించి, ఒకటో నంబరు ధ్రువపత్రం నా చేతిలో పెట్టారు. నా అయిదో తరగతి సర్టిఫికెట్టు గాలివానకి పోయింది. ఆ తర్వాత నాకు కాగితం ఇచ్చినవాళ్లు వీళ్లే. రెండు చేతులతో తీసుకున్నాను.

శనివారం నాకు దానయ్య గళ్లచొక్కా తొడిగారు, మెడలో కొలతల టేపు వేశారు. వెనక నుంచి, చేతులు మాత్రమే తీస్తారట. ముడి కనపడకుండా టోపీ పెట్టారు. చొక్కా మోకాళ్ల దాకా వచ్చింది. మా వాడు నా వైపు చూడకుండా నవ్వుకున్నాడు.

"నవ్వితే పతకం ఎలిపోద్ది" అన్నాను.

"నవ్వకూడదని రూలు లేదే" అన్నాడు.

ముందు కోడిని వదిలారు. పట్టుకుని రెక్క ఎత్తి చూశాను. "గుడ్డుకొచ్చింది, గంపలో పెట్టండి" అన్నాను. తర్వాత కుక్కర్ పెట్టారు. విజిల్ వేసింది. నా చెయ్యి కదల్లేదు. వెనక సంచి పేల్చారు. "అయిందా?" అన్నాను. ఏమైందో నాకే అర్థం కాలేదు. జన్మలో మొదటిసారి నా ఒంట్లో భయం లేదు. వెతికాను కూడా. దొరకలేదు.

పరాంకుశంగారు అక్కడే మెమో రాసిచ్చారు. "మీకు అప్పగింపబడిన భయమును మీరు నిర్వర్తించుట లేదు. సాయంత్రము అయిదు గంటల లోపు భయపడనిచో ధ్రువపత్రము రద్దగును."

"ఏం సెయ్యను బాబూ" అన్నాను. "ఆడు ఎదురుగానే కూకున్నాడు. తిన్నాడు. ఎండలో లేడు. నాకు బయమెలగొస్తాది?"

నిర్మాత మనిషి గడియారం చూసుకున్నాడు. మా వాడు కుర్చీలోంచి లేచి వచ్చి, "పోనీలేమ్మా" అన్నాడు. "ఒంట్లో లేంది ఎక్కడి నుండి తెత్తావు. ఒగ్గేద్దాం." చాలా మామూలుగా అన్నాడు. ఆకలేసినప్పుడు వంట అయిందా అని అడిగినట్టు.

దివాకర్ మా ఇద్దరినీ చూశాడు. చూసి కెమెరాలు జరపమన్నాడు.

"మంటల సీను తీసేద్దామండి. గురునాయుడుగారూ, మీరు పైకెళ్లండి, డూపు లేకుండానే కదండి. రెండో కెమెరా ఇటు పెట్టండి. అమ్మా, మీరేం చెయ్యక్కర్లేదండి. ఈ కత్తెర పట్టుకుని ఊరికే నిలబడండి. అటు చూస్తా ఉండండి."

అట్టలతో కట్టిన రెండంతస్తుల ఇల్లది. గొట్టాల్లోంచి మంట వచ్చింది. నిజం మంట. మా వాడు పొగలోకి వెళ్లాడు. నేను కత్తెర పట్టుకున్నాను. నూటపది లెక్కపెట్టేసరికి ఒక ముసలి వేషగాణ్ణి వీపున వేసుకుని బయటికొచ్చాడు. కుడి భుజం మీద మోశాడు, మంచిదే. దింపాడు. దగ్గాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

మళ్లీ వెనక్కి తిరిగాడు.

ఈసారి దారి తెలుసు అని రాశాడే, ఆ ముక్క గుర్తొచ్చింది. రెండోసారి ఎక్కువ అని. ఆ ఉత్తరం చదివినప్పుడు వాడు అప్పటికే కిందికి దిగి ఉన్నాడు, వేళకి తింటున్నాడు. ఇప్పుడు మాత్రం ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. పొగలో వాడి వీపు ఒక్కటే కనపడుతోంది. కత్తెర రెండు రెక్కలూ ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎవరు చేస్తున్నారా అని చూశాను. నా చేతులే. ఆపుదామని రెండో చేత్తో పట్టుకున్నాను. రెండోది కూడా వణకడం మొదలెట్టింది. మెడలో టేపు జారి కింద పడింది.

వాడు దిగి వచ్చి, మసిముఖంతో నా ముందు నిలబడి, "అమ్మా, కత్తెర ఇచ్చీ" అని నా వేళ్లు ఒక్కొక్కటిగా విప్పేదాకా దివాకర్ కట్ చెప్పలేదు. మర్చిపోయాడట.

పరాంకుశంగారు ముక్కు చీదుకుని, "ఈ వణుకు ఎవరిది?" అని అడిగారు.

"డూపుదండి" అన్నాడు దివాకర్.

"మంచిది" అని నీలం పెన్నుతో రాసుకున్నారు.

అలా ఆ సినిమా పూర్తయింది. విడుదల రోజు ఉదయం ఆటకి వెళ్లాం. మండలివాళ్లు నలుగురూ మొదటి వరసలో కూర్చున్నారు. సుగుణమ్మ కూడా వచ్చింది, ఆవిడ టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. నేనూ మా వాడూ వెనక వరసలో కూర్చున్నాం. నిలబడి కుట్టే దర్జీకి జనం పడిపడి నవ్వారు. వెనక్కి పరుగుకి ఈలలు వేశారు. కోడికి కూడా వేశారు. మంటల సీనులో పొగలోకి వెళ్లే మా వాడు, వెంటనే కత్తెర పట్టుకుని వణికే ఆ చేతులు, మళ్లీ వాడు. హాల్లో నవ్వు ఆగిపోయింది. మొదటి వరసలో అధ్యక్షులవారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇది అధికారికం కాదు కాబట్టి నేను చూడలేదు.

ఆ సమయంలో పక్కన కుర్చీ చేతి మీద ఏదో టకటకా కొట్టుకుంటున్నట్టు అనిపించి చూశాను. గురునాయుడి చెయ్యి. జనానికి నచ్చిందో లేదో, ఇంకో వేషం వస్తుందో రాదో అని కాబోలు, వేళ్లన్నీ ఆగకుండా వణుకుతున్నాయి. వాడు మాత్రం తెర వైపే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మొదటి వరసలో పరాంకుశంగారు వెనక్కి తిరిగి మా కోసం వెతికారు.

నేను కొంగు లాగి వాడి చేతి మీద కప్పాను. కప్పి, కొంగు కింద ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కొంగు కదులుతూనే ఉంది. కదిలితే కదలనీ. ఎవరైనా అడిగితే ఆ వణుకు నాది. నా దగ్గర గుండ్రటి ముద్ర వేసిన కాగితం ఉంది.